లేక్ అంటే చెరువు అనుకున్నాం: షికాగో దగ్గర ఈజీ హైక్, వెళ్ళేముందు చేసుకోవాల్సిన ప్లాన్

 

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అక్కా, షికాగోకి దగ్గర్లో ఒక్కరోజులో వెళ్ళొచ్చే హైక్ ఏదైనా చెప్పు. కొండలెక్కే ఓపిక లేదు. చివర్లో నీళ్ళుండాలి. ఖర్చు ఎక్కువ కాకూడదు." సరే, మీరడిగినవన్నీ ఉన్న ప్లేస్ ఒకటుంది. ఇండియానా డ్యూన్స్ నేషనల్ పార్క్. అందులో వెస్ట్ బీచ్. షికాగో నుంచి కారులో సుమారు గంట. ట్రాఫిక్ ఉంటే ఇంకొంచెం.

కానీ ఈరోజు ప్లేస్ చూపించి, డ్రోన్ షాట్ వేసి, బై చెప్పే వీడియో కాదు ఇది. ఆ లేక్ దగ్గర నాలుగేళ్ళ కింద మాకు ఒకటి జరిగింది. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఎవరికి జరిగిందో అతన్ని అడిగే ఈ వీడియో చేస్తున్నా. "చెప్పక్కా, నా పేరు మాత్రం వద్దు" అన్నాడు. అందుకే చెప్తున్నా.

నాది వరంగల్. మాకు చెరువు అంటే భద్రకాళి చెరువు. ఇంకొంచెం పెద్దది అంటే పాకాల. నేను మాస్టర్స్‌కి వచ్చిన మొదటి సమ్మర్‌లో అమ్మకి ఫోన్ చేసి, "శనివారం ఫ్రెండ్స్‌తో లేక్‌కి పోతున్నం" అన్నా. అమ్మ ఏమంది? "చెరువు కాడికేనా బిడ్డా, మంచిగ పోయి రాండ్రి" అంది. ఆమె మనసులో గట్టు, మెట్లు, పక్కన గుడి. నిజం చెప్పాలంటే నా మనసులో కూడా అదే. లేక్ అన్నారు కదా, సముద్రం కాదు కదా, ఇంక భయమేముంది అనుకున్నా.

ఫ్రెండ్స్, లేక్ మిషిగన్ ఎంతుంటుందో తెలుసా? సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు. తెలంగాణ మొత్తం 1,12,000 చదరపు కిలోమీటర్లు. అంటే మన రాష్ట్రంలో సగానికి ఎక్కువ భాగం నీళ్ళే అనుకోండి. పొడవు దాదాపు 490 కిలోమీటర్లు. లోతు ఎక్కువగా ఉన్నచోట 281 మీటర్లు. మన నాగార్జునసాగర్ జలాశయం లాంటివి రెండు వందలు పక్కపక్కన పెడితే ఇది. దీన్ని చెరువు అనగలమా?

సరే, ఆరోజు ఏం జరిగిందో చెప్తా.

మేము ఐదుగురం. జూన్ నెల. పొద్దున ఎనిమిదికి బయల్దేరాలి అనుకున్నాం. కానీ బిర్యానీ దమ్ అయ్యేసరికి పదకొండున్నర అయింది. అక్కడికి వెళ్ళేసరికి ఒంటిగంట దగ్గరపడింది. వెస్ట్ బీచ్ పార్కింగ్ ఫుల్. గేటు దగ్గరే వెనక్కి పంపేశారు. ఫోన్‌లో మ్యాప్ తీసి, దగ్గర్లో ఇంకో బీచ్ ఏదుంటే అక్కడికి వెళ్ళాం. అక్కడ లైఫ్‌గార్డ్ లేడు. నీళ్ళలోకి పొడుగ్గా కట్టిన ఒక పియర్ ఉంది, అంటే రాళ్ళు, కాంక్రీట్‌తో కట్టిన గోడ లాంటిది. గాలి గట్టిగా వీస్తోంది. అలలు బాగా వస్తున్నాయి. మేమేమనుకున్నాం? "అబ్బ, ఫొటోలు సూపర్ వస్తాయి" అనుకున్నాం.

మాలో ఒకడు జూనియర్. తమ్ముడిలాంటివాడు. ఊళ్ళో మోటబావిలో ఈత నేర్చుకున్నవాడు. మా ఐదుగురిలో ఈత వచ్చింది అతనొక్కడికే. మోకాళ్ళ లోతు, నడుం లోతు, అలా పియర్ పక్కనుంచి ముందుకెళ్ళాడు. చెయ్యి ఊపాడు. నేను ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నా. ఒక నిమిషం తర్వాత చూస్తే మనిషి దూరంగా ఉన్నాడు. ఈదుతున్నాడు, కానీ ఒడ్డు వైపు రావట్లేదు. ఎంత ఈదితే అంత అక్కడే ఉన్నాడు. చెయ్యి మళ్ళీ ఊపాడు. నేను కూడా నవ్వుతూ చెయ్యి ఊపా. అది హాయ్ కాదని నాకు అర్థం కావడానికి ఇంకొంచెం టైమ్ పట్టింది.

పియర్ మీద చేపలు పట్టుకుంటున్న ఒక పెద్దాయన చూశాడు. అక్కడ స్తంభానికి తగిలించి ఉన్న రింగ్ తీసి విసిరాడు. రెండోసారికి అందింది. ఆయన, ఇంకో ఇద్దరు కలిసి లాగారు. అంతే. అంతా కలిపి ఐదు నిమిషాలు కూడా కాలేదేమో.

బయటికొచ్చాక ఇసుకలో కూర్చుని వణుకుతున్నాడు. ఎవరం ఏం మాట్లాడలేదు. బిర్యానీ మూత కూడా తియ్యలేదు. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఒకే ఒక్క మాట అన్నాడు: "మా అమ్మకి చెప్పకక్కా." అతని ఫీజు కోసం ఇంట్లో పొలం మీద లోన్ తీసుకున్నారు. అది నాకు తెలుసు. ఆ వీడియో నేను ఆ రాత్రే డిలీట్ చేశా.

అమెరికాలో నీళ్ళలో మునిగి చనిపోయిన మన తెలుగు పిల్లల వార్తలు మీరూ చూసే ఉంటారు. కింద కామెంట్స్‌లో "ఎందుకెళ్ళారు, చదువుకోడానికి వెళ్ళి పిక్నిక్‌లా" అని రాస్తారు. వెళ్ళడం తప్పు కాదండి. వారమంతా క్లాసు, రాత్రిళ్ళు పని, శనివారం కొంచెం గాలి పీల్చుకోవాలి అనిపించడం తప్పెలా అవుతుంది? నేను ఆ తర్వాత కూడా అక్కడికి చాలాసార్లు వెళ్ళా. ఆ తమ్ముడు కూడా వచ్చాడు. మారింది ఒకటే. నీళ్ళ గురించి ఏ నిర్ణయమైనా ఇంట్లోనే తీసుకుని బయల్దేరతాం. ఒడ్డుకి వెళ్ళాక, అందరూ ఊపులో ఉన్నప్పుడు తీసుకోం. ఈరోజు ప్లాన్ మొత్తం ఆ ఒక్క విషయం చుట్టూనే ఉంటుంది.

మొదటిది, ఏ రోజు వెళ్ళాలి. మనం ఏం చూస్తాం? వాన ఉందా, ఎండ ఉందా చూస్తాం. ఇక్కడ అంతకంటే ముందు గాలి చూడాలి. మ్యాప్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి. లేక్ మిషిగన్ ఉత్తరం నుంచి దక్షిణానికి పొడుగ్గా ఉంటుంది. ఇండియానా డ్యూన్స్ సరిగ్గా దాని కింది అంచులో ఉంది. ఉత్తరం గాలి వచ్చిందంటే, వందల కిలోమీటర్ల పొడవునా అడ్డం లేకుండా నీళ్ళ మీద తోసుకుంటూ వచ్చి, ఆ అలలన్నీ ఈ చివరికి కొడతాయి. ఎండ బ్రహ్మాండంగా ఉంటుంది, ఆకాశం నీలంగా ఉంటుంది, కానీ నీళ్ళు మాత్రం ప్రమాదంగా ఉంటాయి. మేము వెళ్ళినరోజు సరిగ్గా అదే.

ఫోన్‌లో నేషనల్ వెదర్ సర్వీస్ పేజీ తెరిచి, బీచ్ హజార్డ్స్ స్టేట్‌మెంట్ అని ఏమైనా ఇచ్చారా చూడండి. అలల ఎత్తు, కరెంట్స్ రిస్క్ కూడా అందులో చెప్తారు. రెండు నిమిషాల పని. హై రిస్క్ అని ఉంటే ట్రిప్ క్యాన్సిల్ చెయ్యక్కర్లేదు. ట్రైల్ నడవండి, ఇసుకలో కూర్చోండి, తినండి, రండి. నీళ్ళు మాత్రం ఆరోజు లేవు. ఈ మాట ముందురోజు రాత్రే వాట్సాప్ గ్రూప్‌లో పెట్టేయండి. అందరూ ఓకే అన్నాకే కారు తియ్యండి.

రెండోది, టైమ్. సమ్మర్ వీకెండ్స్‌లో మధ్యాహ్నానికల్లా పార్కింగ్ నిండిపోతుంది. తొమ్మిదిలోపు అక్కడుండేలా బయల్దేరండి. ఇది పార్కింగ్ కోసం మాత్రమే కాదు. పార్కింగ్ దొరక్కపోతే మనం ఏం చేస్తాం? మాలాగే, తెలియని ఇంకో చోటికి వెళ్తాం. అక్కడ లైఫ్‌గార్డ్ ఉన్నాడా, బాత్రూమ్స్ ఉన్నాయా ఏమీ తెలీదు. కాబట్టి ప్లాన్ బి కూడా ఇంట్లోనే అనుకోండి. "ఫుల్ అయితే నీళ్ళ దగ్గరికి వెళ్ళకుండా వేరే ట్రైల్ నడిచి వచ్చేద్దాం" అని. టైమ్ జోన్ టెన్షన్ అక్కర్లేదు. ఇండియానాలో చాలా భాగం ఈస్టర్న్ టైమ్ అయినా, డ్యూన్స్ ఉన్న ఈ మూల షికాగో టైమే.

బిర్యానీ చెయ్యాలనుకుంటే ముందురోజు రాత్రే చేసుకోండి. లేదా పులిహోర, పెరుగన్నం. ప్లీజ్, నా మాట వినండి.

మూడోది, డబ్బులు, పేర్లు. ఇక్కడ చాలామంది కన్ఫ్యూజ్ అవుతారు. ఇండియానా డ్యూన్స్ నేషనల్ పార్క్ వేరు, ఇండియానా డ్యూన్స్ స్టేట్ పార్క్ వేరు. రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెండిటికీ టికెట్ వేరు. నేషనల్ పార్క్ పాస్ స్టేట్ పార్క్‌లో చెల్లదు. నేషనల్ పార్క్‌కి నేను కట్టింది కారుకి 25 డాలర్లు, అది ఏడు రోజులు పనిచేస్తుంది. ఐదుగురు పంచుకుంటే మనిషికి ఐదు డాలర్లు. రేట్లు మారుతుంటాయి కాబట్టి వెళ్ళేముందు పార్క్ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

కారు లేనివాళ్ళు బాధపడక్కర్లేదు. డౌన్‌టౌన్‌లో మిలీనియం స్టేషన్ నుంచి సౌత్ షోర్ లైన్ ట్రైన్ ఉంది. డ్యూన్ పార్క్ అనే స్టేషన్‌లో దిగితే స్టేట్ పార్క్‌కి నడిచి వెళ్ళొచ్చు. వెస్ట్ బీచ్‌కి మాత్రం కారైతేనే సులువు. ట్రైన్ అయితే తిరుగు ట్రైన్ టైమ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

నాలుగోది, ఫోన్. పార్క్‌లో కొన్నిచోట్ల సిగ్నల్ వీక్‌గా ఉండొచ్చు. నేషనల్ పార్క్ సర్వీస్ యాప్‌లో ఈ పార్క్‌ని ఆఫ్‌లైన్‌కి సేవ్ చేసుకునే ఆప్షన్ ఉంది. ఇంట్లో వైఫైలోనే చేసుకోండి. ఇంకొకటి, మీరున్న బీచ్ పేరు గుర్తుపెట్టుకోండి. పది కిలోమీటర్లలో నాలుగైదు బీచ్‌లు ఉన్నప్పుడు, 911కి ఫోన్ చేసి "లేక్ దగ్గరున్నాం" అంటే వాళ్ళు ఎక్కడికి రావాలి?

ఐదోది, అసలు హైక్. వెస్ట్ బీచ్‌లో మూడు ట్రైల్స్ ఒకదానికొకటి కలిసి ఉంటాయి. మొత్తం తిరిగితే సుమారు మూడున్నర మైళ్ళు. అంత వద్దు అనుకుంటే డ్యూన్ సక్సెషన్ ట్రైల్ ఒక్కటే చాలు, సుమారు మైలు. కాకపోతే అందులో రెండున్నర వందల వరకు మెట్లుంటాయి. తిరుమల మెట్లెక్కిన వాళ్ళకి ఇది లెక్కే కాదు. మెట్లు వద్దు అంటే లాంగ్ లేక్ వైపు వెళ్ళండి, అక్కడ పక్షులు కనిపిస్తాయి.

ఆ సక్సెషన్ ట్రైల్ ఎందుకు స్పెషలో చెప్తా. హెన్రీ కౌల్స్ అని షికాగో యూనివర్సిటీలో ఒక బాటనిస్ట్ ఉండేవాడు. 1899లో ఈ ఇసుక దిబ్బల మీద చెట్లు ఎలా మారుతూ వస్తాయో రాశాడు. నీళ్ళ దగ్గర ముందు ఉత్త ఇసుక. తర్వాత మర్రమ్ అనే గడ్డి వచ్చి ఇసుకని పట్టుకుంటుంది. దాని వెనక కాటన్‌వుడ్, ఇంకొంచెం వెనక పైన్ చెట్లు, ఆ వెనక ఓక్ అడవి. అంటే బీచ్ నుంచి లోపలికి నడుస్తుంటే, వేల ఏళ్ళలో జరిగే మార్పు మీ కళ్ళముందు ఒక మైలులో కనిపిస్తుంది. ఇంకో తమాషా, అక్కడ మన నాగజెముడు జాతి మొక్క కూడా ఉంటుంది. చలికాలంలో మంచు పడే చోట నాగజెముడు! మొదటిసారి చూసి, ఎవరో తెచ్చి నాటారేమో అనుకున్నా. కాదు, అక్కడిదే.

ట్రైల్ దాటి పక్కకి వెళ్ళకండి. మర్రమ్ గడ్డిని తొక్కితే వేళ్ళు పోతాయి, వేళ్ళు పోతే ఇసుక కదిలిపోతుంది. ఇది రూల్ కోసం రూల్ కాదు. ఇదే పార్క్‌లో మౌంట్ బాల్డీ అనే పెద్ద దిబ్బ ఉంది. 2013లో ఆరేళ్ళ బాబు ఒకడు దాని మీద నడుస్తూ ఇసుకలో ఏర్పడిన గొయ్యిలోకి పడిపోయాడు. ఎప్పుడో ఇసుకలో కూరుకుపోయిన చెట్లు లోపల కుళ్ళి, గుల్లగా అయిపోయి అలాంటి గోతులు ఏర్పడ్డాయి. మూడు గంటలకి పైగా తవ్వి తీశారు. దేవుడి దయ, బతికాడు. కాబట్టి మూసేశాం అని బోర్డు పెడితే దాటకండి.

షూస్ వేసుకోండి. మధ్యాహ్నం ఆ ఇసుక పెనంలా కాలుతుంది. మనిషికి కనీసం రెండు బాటిల్స్ నీళ్ళు. ట్రైల్ పక్కన మూడు మూడు ఆకులుగా ఉండే మొక్క కనిపిస్తే ముట్టుకోకండి, అది పాయిజన్ ఐవీ అయ్యుండొచ్చు, ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. ఇంటికొచ్చాక కాళ్ళు, మెడ, చెవుల వెనక చూసుకోండి. టిక్స్ ఉంటాయి, మన పశువులకి పట్టే పిడుదుల లాంటివి. వెస్ట్ బీచ్‌లో మద్యం నిషేధం. గాజు సీసాలు కూడా తీసుకెళ్ళొద్దు.

ముందు ట్రైల్ నడవండి, తర్వాతే బీచ్. ఎందుకంటే బీచ్‌లో ఒకసారి కూర్చుంటే ఎవరూ లేవరు.

ఇక ఆరోది, నీళ్ళు. ఇది ఫార్వర్డ్ చేసి దాటెయ్యకండి.

సముద్రంలో అలకీ అలకీ మధ్య కొంచెం గ్యాప్ ఉంటుంది. ఈ లేక్‌లో అలలు చిన్నవిగా కనిపించినా దగ్గర దగ్గరగా వస్తాయి. ఒకటి కొట్టి ఊపిరి తీసుకునేలోపు ఇంకోటి కొడుతుంది. పైగా ఇది మంచినీళ్ళు. ఉప్పునీళ్ళలో తేలినంత తేలిగ్గా ఇందులో తేలలేం. మే, జూన్‌లో బయట ఎంత ఎండున్నా నీళ్ళు బాగా చల్లగా ఉంటాయి. ఒక్కసారి దూకితే ఊపిరి బిగుసుకుపోతుంది. మోటబావిలో పదేళ్ళు ఈదినా, ఇది వేరే నీళ్ళు. మా తమ్ముడికి ఈత వచ్చు. ఈత వచ్చు కాబట్టే అంత లోపలికి వెళ్ళాడు.

అందుకే మా గ్రూప్‌లో నాలుగు మాటలు అనుకున్నాం. ఒకటి, లైఫ్‌గార్డ్ కుర్చీ ఖాళీగా ఉంటే మోకాలు దాటి దిగం. రెండు, ఎర్ర జెండా ఉంటే కాళ్ళు కూడా తడపం. మూడు, పియర్ దగ్గర ఎప్పుడూ దిగం. గోడకి తగిలిన నీళ్ళు దాని పక్కనుంచే లోపలికి లాగుతాయి, గాలి లేనట్టు అనిపించిన రోజు కూడా. నాలుగు, ఒకళ్ళు ఎప్పుడూ ఒడ్డునే ఉండాలి, ఫోన్‌లో కాదు, నీళ్ళ వైపు చూస్తూ. వంతులు వేసుకుంటాం.

గాలి నింపే ట్యూబులు, ఫ్లోట్స్ తీసుకెళ్ళం. దక్షిణం గాలి వీస్తుంటే నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి, కానీ ఆ గాలే ట్యూబ్‌ని మెల్లగా లోపలికి తీసుకెళ్ళిపోతుంది. జీన్స్‌తో దిగకండి. తడిసిన జీన్స్‌తో కాళ్ళు ఆడించి చూడండి, మీకే తెలుస్తుంది.

ఒకవేళ కరెంట్ లాగేస్తే? దానికి ఎదురు ఈదకండి. మా తమ్ముడు చేసిన తప్పు అదే. వెంటనే వెల్లకిలా తిరగండి. తల పైకి ఉంచి తేలుతూ ఊపిరి అందుకోండి. కంగారు తగ్గాక, లాగుతున్న దిక్కు చూసుకుని, దానికి అడ్డంగా, ఒడ్డుకి పక్కపక్కగా ఈది బయటపడండి. ఓపిక లేకపోతే తేలుతూ చెయ్యెత్తి అరవండి. ఇక్కడి వాళ్ళు దీన్ని ఫ్లిప్, ఫ్లోట్, ఫాలో అని నేర్పిస్తారు.

ఒడ్డున ఉన్నది మీరైతే, దూకకండి. ఈ మాట చెప్పడం కష్టం, నాకు తెలుసు. మనవాడు మునుగుతుంటే ఎవరు ఆగగలరు? కానీ ఒకరి కోసం దూకి ఇద్దరు పోయిన ఇళ్ళు ఉన్నాయి. 911 చెయ్యండి, తేలేది ఏదైనా విసరండి. రింగ్, కూలర్ బాక్స్, ఫుట్‌బాల్, ఖాళీ వాటర్ క్యాన్. ఆరోజు ఆ పెద్దాయన దూకలేదు. విసిరాడు. అందుకే తమ్ముడు ఉన్నాడు.

ఇంత చెప్పాక "అసలు వెళ్ళనే వద్దులే" అనుకోకండి. పోయిన సమ్మర్‌లో మేం ఐదుగురం మళ్ళీ వెళ్ళాం. ఎనిమిదిన్నరకే చేరాం. మెట్లెక్కాం, పైన నిలబడితే నీళ్ళకి అవతల షికాగో బిల్డింగులు అగ్గిపెట్టెల్లా కనిపించాయి. పొడి ఇసుకలో నడుస్తుంటే కిర్రు కిర్రుమని శబ్దం వస్తుంది అక్కడ, చెవి పెట్టి వినండి. మధ్యాహ్నం గాలి ఉత్తరానికి తిరిగింది. ఎవరూ ఏం అనలేదు, అందరం బయటికొచ్చి తువ్వాళ్ళు పరుచుకున్నాం. ఈసారి బిర్యానీ అడుగు వరకు తిన్నాం.

అక్కడి నుంచే తమ్ముడు వాళ్ళమ్మకి వీడియో కాల్ చేశాడు. ఫోన్ తిప్పి నీళ్ళు చూపించాడు. ఆవిడ చూసి, "ఓరి, అవతలి ఒడ్డే కనపడట్లేదు కదరా, ఇదేం చెరువురా" అన్నారు. "చెరువు కాదమ్మా" అన్నాడు వాడు. ఇంకేం చెప్పలేదు.

సరే ఫ్రెండ్స్, ఈ వీకెండ్ ఎవరైనా వెళ్తుంటే ఆ నాలుగు మాటలు మీ గ్రూప్‌లో పెట్టండి. మీరు వెళ్ళిన లేక్ ఏదైనా ఉంటే, అక్కడ పార్కింగ్ ఎలా ఉంది, లైఫ్‌గార్డ్ ఉన్నాడా లేడా కామెంట్‌లో రాయండి. కొత్తగా వచ్చిన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి ఉపయోగపడుతుంది. వీడియో నచ్చితే లైక్ చెయ్యండి, నచ్చకపోయినా ఒక్కరికి షేర్ చెయ్యండి. ఇంటికి చేరగానే అమ్మకి ఫోన్ చెయ్యడం మర్చిపోకండి. మళ్ళీ కలుద్దాం. ఉంటాను, బై.